బొత్తానికి ఒక ఇల్లు

మిషన్ ముందు కూర్చుని, ఒక చెవి రేడియోకిచ్చి పని చేసుకుంటున్న అక్కచెల్లెళ్ళారా, ఈ మాటలు మీ కోసమే.

మాది పల్సానా. సూరత్‌కు ఆగ్నేయంగా ఉంటుంది. ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్ళే జాతీయ రహదారీ, హజీరా నుంచి బార్డోలీ మీదుగా నాగపూర్ వైపు వెళ్ళే రహదారీ మా ఊరి దగ్గరే కలుస్తాయి. పక్కన కడోదరా, జోల్వా, తాంతిథైయా. ఎటు చూసినా అద్దకం మిల్లులు, ప్రింటింగ్ మిల్లులు, మగ్గాల షెడ్లు. తెల్లవారకముందే రంగు వేయని గ్రే బట్ట లారీల్లో లోపలికి వస్తుంది. రంగు పట్టి, పువ్వులు వేయించుకుని మళ్ళీ లారీల్లోనే సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లకు పోతుంది. మీరు పెళ్ళికి పెట్టిన చీర, మీ పాప కట్టిన లంగా, ఏదో ఒకటి మా ఊరి రోడ్డు మీదుగా వచ్చే ఉంటుంది.

ఈ బట్టల ఊళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా బతుకుతున్నాయి. లింబాయత్ వీధుల్లో నడిస్తే మీకు తెలుగు వినిపిస్తుంది. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మగవాళ్ళు పవర్‌లూమ్ మీద ఉంటే, ఆడవాళ్ళు ఇంట్లో చీరలకు లేసు కుడతారు, రాళ్ళు అంటిస్తారు, దారాలు కత్తిరిస్తారు, ఫాల్, పీకో చేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మా ఇంటాయన రోజంతా మగ్గం మీద తెగిన పోగు అతుకుతాడు. నేను ఇంట్లో బట్ట కోసి కుడతాను.

ఒకరోజు మా పక్కింటి చెల్లెలు వచ్చి ఒక మాట అడిగింది. "అక్కా, ఎన్నేండ్లు ఫాల్, పీకో, బ్లౌజులు? మన పిల్లల బడి చొక్కాలు మనమే కుట్టొచ్చు గదా? కట్టింగ్ వచ్చు, కాలర్ వచ్చు. కాజాల కాడనే ఆగిపోతున్నం." ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఎందుకంటే నేనూ అక్కడే ఆగిపోయి ఉన్నాను. చొక్కా అంతా కుట్టి, చివరికి కాజాల కోసం సంచిలో పెట్టుకుని బజారులో కాజా మిషన్ ఉన్న దుకాణానికి మోసుకుపోయేదాన్ని. అక్కడ పెద్ద దుకాణాల మూటలు అయ్యాకే మన నాలుగు చొక్కాల వంతు. ఆటో ఖర్చు వేరే. వచ్చిన కూలిలో ఎంతో కొంత అక్కడే పోయేది, రోజు కూడా పోయేది.

ఈ రోజు నేను కాజా గురించి మాట్లాడతాను. అంత చిన్న కంత గురించి ఇంతసేపు ఏం మాట్లాడతావని అనుకోకండి. బ్లౌజుకు హుక్కు చాలు. చొక్కాకు, కుర్తాకు, యూనిఫారానికి, నైట్ డ్రెస్సుకు కాజా కావాలి. ఇంట్లో కుట్టే ఆడమనిషి సంపాదన ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ముందుకు పోతుందో ఈ అరంగుళం దగ్గరే తేలుతుంది.

ముందు కాజా అనే మాట సంగతి చూద్దాం. మనం కాజా అంటాం. గుజరాతీలో గాజ్ అంటారు. ఇక్కడి దుకాణాల బోర్డుల మీద 'గాజ్ బటన్' అని ఉంటుంది. హిందీలో కాజ్. ఇవన్నీ పోర్చుగీసు మాట 'కాసా' నుంచి వచ్చాయని భాష తెలిసినవారు చెబుతారు. మన బొత్తాం కూడా ఆ భాషలోని 'బొతాఁవ్' నుంచే వచ్చింది. సూరత్ వాళ్ళకు పోర్చుగీసులు బాగా తెలుసు. వాళ్ళ దాడులకు తట్టుకోవడానికే తాపీ నది ఒడ్డున సూరత్ కోట కట్టారు. అది 1546 నాటికి పూర్తయింది. మాకు దక్షిణాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న దమణ్ 1559 నుంచి 1961 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. ఓడల్లో వచ్చినవాళ్ళు పోయారు, కుట్టుపని మాటలు మన దర్జీల నోట్లో ఉండిపోయాయి. ఇంతకూ పోర్చుగీసులో 'కాసా' అంటే ఇల్లు. బొత్తాం దూరి నిలిచే చోటును వాళ్ళు ఇల్లన్నారు. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి కాజా కుట్టేటప్పుడు చెయ్యి తొందరపడదు. ఇల్లు కదా, గోడలు సరిగా లేకపోతే ఎలా?

మన పాత బట్టలకు కాజాలు లేవు. అంగరఖాకు ముడులు, బారాబందీకి కట్టుతాళ్ళు. బొత్తాలు మాత్రం చాలా పాతవి. సింధు నాగరికత తవ్వకాల్లో చిప్పతో చేసినవి దొరికాయి. కానీ అవి ఎక్కువగా అలంకారానికి. బట్టను కోసి, ఆ కోతకు అంచు కట్టి, అందులో బొత్తాం దూర్చే పద్ధతి యూరప్‌లో 13వ శతాబ్దంలో బాగా వ్యాపించింది.

ఎందుకంత ఆలస్యమైందో నేతపని తెలిసిన మనకు ఇట్టే అర్థమవుతుంది. బట్ట అంటే పడుగు, పేక. చొక్కా ముందు పట్టీ మీద నిలువుగా కోశామంటే అక్కడున్న పేక పోగులన్నీ తెగుతాయి. తెగిన పోగు ఊరుకోదు, ఊడి వస్తుంది. రెండుసార్లు ఉతికితే ఆ కోత చిరుగవుతుంది. ఆ తెగిన పోగులు పారిపోకుండా రెండు పక్కలా గోడ కట్టడం, రెండు చివరలా గట్టి తాళం వేయడం, ఇదే కాజా పని. చిరుగుకూ కాజాకూ తేడా ఆ గోడే.

వెనకటికి ఈ గోడ చేత్తో కట్టేవారు. తెలంగాణలో మేరవాళ్ళ దుకాణాల్లో పని నేర్చుకోవడానికి చేరిన పిల్లవాడికి కత్తెర ఇచ్చేవారు కాదు. మొదట హెమ్మింగు, కాజాలు, గుండీలు. కోత అంచు పొడవునా కుట్టు పక్కన కుట్టు వేస్తూ, ప్రతి కుట్టుకూ చిన్న ముడి పడేలా దారం తిప్పాలి. పెద్ద చేతుల చొక్కాకు కాలర్ దగ్గర ఒకటి, ముందు పట్టీకి ఆరు, కఫ్‌లకు రెండు, చేతుల చీలికలకు రెండు, మొత్తం పదకొండు కాజాలు. అన్నీ ఒకే పొడవు, ఒకే గీత మీద ఉండాలి. ఆ పిల్లల కళ్ళు, వేళ్ళు అక్కడే పదునెక్కేవి. నడుములు కూడా అక్కడే వంగేవి.

మిషన్ కథ అమెరికాలో మొదలైంది. 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ కుట్టు మిషన్లకు పేటెంట్లు పొందారు. అవి తిన్నగా కుట్టేవి. తిన్నటి కుట్టుతో కాజా రాదు. సూది అటూ ఇటూ ఊగాలి, అంచును పట్టుకోవాలి. 1854లో చార్లెస్ మిల్లర్ అనే ఆయన కాజా కుట్టే మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1873లో హెలెన్ బ్లాంచర్డ్ అనే మహిళ జిగ్‌జాగ్ కుట్టు మిషన్‌కు పేటెంట్ పొందింది. అక్కలారా, ఈ పేరు గుర్తుంచుకోండి. 1881లో జాన్ రీస్ చేసిన కాజా మిషన్‌తో ఫ్యాక్టరీల్లో ఈ పని పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఉండే కాజా మిషన్లు నిమిషానికి 3,600 కుట్లు వేయగలవు. 150 కుట్లున్న కాజాకు రెండున్నర సెకన్లు చాలు. కుట్టడం అయ్యాక చిన్న కత్తి దానంతటదే టక్కున దిగి మధ్యలో కోసేస్తుంది.

పెద్ద యంత్రాల మీద అంత అనుమానమున్న గాంధీగారు కూడా కుట్టు మిషన్‌ను పక్కన పెట్టలేదు. 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి ఆయన్ను యంత్రాల గురించి నిలదీసి అడిగాడు. గాంధీగారు సింగర్ మిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడే కష్టం చూసి, ప్రేమతో సింగర్ దాన్ని తయారు చేశాడని ఆయన చెప్పారు. మా పల్సానా పొరుగున ఉన్న బార్డోలీ ఆయన పోరాటాల గడ్డ. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. మనిషి నడుమును కాపాడే యంత్రం మంచిదే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు చెల్లెలు అడిగిన మాటకు జవాబు మా ఇంట్లోనే ఉంది, నేనే చూడలేదు. పీకో మిషన్ మీద సూది ఏం చేస్తుంది? అటూ ఇటూ ఊగుతుంది. చీర కొంగుకు పీకో అంటే దగ్గరగా వేసిన జిగ్‌జాగే. కాజా గోడ అంటే కూడా అదే. సూరత్ చుట్టుపక్కల పీకో మిషన్ లేని వీధి లేదు. చీరల పనికని తెచ్చుకున్న ఆ మిషన్‌లోనే కాజా మిషన్ సగం ఉంది. మిగతా సగం మన చేతిలో ఉంది. ఎలాగో చెబుతాను, నిదానంగా వినండి.

మొదటిది కొలత. బొత్తాం అడ్డం కొలత, దాని మందం, రెండూ కలిపితే కాజా పొడవు. మామూలు చొక్కా బొత్తాం పదకొండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మందం రెండు, మూడు మిల్లీమీటర్లు. అంటే కాజా పద్నాలుగు మిల్లీమీటర్ల చుట్టూ. బొత్తాం గుండ్రంగా గోళీలా ఉంటే సన్నని కాగితం ముక్క దాని చుట్టూ తిప్పి, కలిసిన చోట గుర్తుపెట్టి, విప్పి సగానికి మడవండి. ఆ సగమే మీ పొడవు.

రెండవది చోటు. మగవాళ్ళ చొక్కాకు కాజాలు ఎడమ పట్టీ మీద, ఆడవాళ్ళ చొక్కాకు కుడి పట్టీ మీద. ముందు పట్టీ మీద నిలువుగా, కాలర్ పట్టీ మీద అడ్డంగా. ఎందుకని? కాలర్ దగ్గర మెడ చుట్టూ లాగుడు అడ్డంగా పడుతుంది. లాగినప్పుడు బొత్తాం కాజా చివరకు జరిగి అక్కడ ఆగాలి. ముందు పట్టీ సన్ననిది. అక్కడ నిలువు కాజా పట్టీ మధ్యలో ఒదిగి, బొత్తాల వరస తిన్నగా కనిపిస్తుంది. ఆడవాళ్ళ చొక్కాకు గుర్తులు పెట్టడం పైనుంచి మొదలుపెట్టకండి. రొమ్ము నిండుగా ఉన్న చోట ఒక కాజా పడాలి. ముందు అది గుర్తుపెట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ సమానంగా పంచుకోండి. అప్పుడు చొక్కా మధ్యలో నోరు తెరవదు.

మూడవది బలం. ఒంటి పొర బట్ట మీద కాజా నిలవదు. లోపల బక్రం గానీ పేస్టింగ్ గానీ ఉండాలి. మా సూరత్ బట్ట చాలావరకు పాలిస్టర్, జార్జెట్, షిఫాన్. ఇవి జారిపోతాయి, సూది కింద ముడుచుకుంటాయి. పేస్టింగ్ అంటించేటప్పుడు ఇస్త్రీ వేడి తక్కువ పెట్టండి, లేదంటే బట్ట కరిగి మెరుపు మచ్చ పడుతుంది. కుట్టేటప్పుడు బట్ట కింద తెల్ల కాగితం పెట్టండి. కుట్టాక చింపేస్తే ఊడి వస్తుంది. వార్తాపత్రిక మాత్రం వద్దు, సిరా అంటుతుంది. సూది కొత్తది, సన్నది ఉండాలి. మొద్దుబారిన సూది పాలిస్టర్ పోగును లాగేస్తుంది.

నాలుగవది కుట్టు. జిగ్‌జాగ్ వెడల్పు రెండు మిల్లీమీటర్లకు తిప్పండి. కుట్టు పొడవు అర మిల్లీమీటరు కన్నా కొంచెం తగ్గించండి. కుట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పై దారం బిగువు కాస్త వదలండి, అప్పుడు బాబిన్ దారం పైకి కనిపించదు. గుర్తు పొడవునా ఒక గోడ కుట్టండి. చివర సూది లోపలి వైపు బట్టలో దిగి ఉండగా ఆపి, పాదం ఎత్తి, బట్టను సగం చుట్టు తిప్పండి. ఇప్పుడు వెడల్పు నాలుగున్నర, ఐదుకు పెంచి, బట్ట కదలకుండా ఐదారు కుట్లు వేయండి. అది తాళం. మళ్ళీ వెడల్పు రెండుకు తెచ్చి రెండో గోడ కుట్టండి. చివర రెండో తాళం. ఆఖరున వెడల్పు సున్నా చేసి మూడు కుట్లు వేస్తే దారం ఊడదు. రెండు గోడల మధ్య ఒక దారం మందం ఖాళీ ఉండాలి. అదే కత్తి దారి. ఇంట్లో వాడే కొత్త జిగ్‌జాగ్ మిషన్లలో కాజా కోసం నాలుగు దశల మీట ఉంటుంది. ఎడమ గోడ, తాళం, కుడి గోడ, తాళం. వాటిలో బట్ట తిప్పే పని కూడా లేదు.

ఐదవది కోత. ఇక్కడే నేను దెబ్బతిన్నాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. నా చేతి మీదుగా వచ్చిన మొదటి బయటి ఆర్డర్, ఒక పిల్లవాడి బడి చొక్కా. పది కాజాలు ముత్యాల్లా వచ్చాయి. సంతోషంతో కాలర్ పట్టీ కాజా ఒకే ఊపులో కోశాను. కొన తాళం దాటి కాలర్‌లోకి దిగింది. ఆ కాలర్ మొత్తం విప్పి, కొత్త బట్ట కొనుక్కొచ్చి మళ్ళీ కుట్టాను. అప్పటి నుంచి తాళానికి లోపల గుండుసూది గుచ్చకుండా నేను కాజా కోయలేదు. మీరూ అలాగే చేయండి. రెండు చివరలా గుండుసూదులు గుచ్చి, ఒక చివర నుంచి మధ్య దాకా, మళ్ళీ రెండో చివర నుంచి మధ్య దాకా కోయండి. చెయ్యి జారినా సూది ఆపుతుంది.

ఇంకొక్క మాట. అసలు చొక్కా మీద ఎప్పుడూ మొదటి కాజా కుట్టకండి. అదే బట్ట, అదే బక్రం, అన్నే పొరలు ఉన్న తునక మీద ఒకటి కుట్టి, కోసి, బొత్తాం దూర్చి చూడండి. బొత్తాం కొంచెం ఒత్తి దూర్చితే దూరాలి, దానంతటది ఊడి రాకూడదు. అప్పుడే చొక్కా ముట్టుకోండి.

నేను నెల రోజులు సాయంత్రం పూట తునకల మీదే కుట్టాను. మొదటి వారం కుట్టినవి చూపించలేను. రెండో వారానికి గోడలు తిన్నగా వచ్చాయి. నెల తిరిగేసరికి మా చెల్లెలూ నేనూ కలిసి మా వీధి పిల్లల చొక్కాలు కుట్టాం, ఒక్క కాజా కూడా బయటికి పంపలేదు.

ఇది ఒక్క పల్సానా సంగతి కాదు. తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు. యూనిఫారం అంటే చొక్కా, చొక్కా అంటే కాజా. ఆ సంఘంలో కాజా వచ్చిన చెయ్యి ఉంటే పని ఊళ్ళోనే పూర్తవుతుంది. లేకపోతే మూట పట్నం పోతుంది, కూలిలో వాటా కూడా దాని వెంటే పోతుంది. ఇక కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల దాకా అప్పు అందులో పెట్టారు. కుటుంబంలో ఒకరికే అవకాశం. ఇప్పుడు ఆ అవకాశం ఉందేమో మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఆ సాయం అందితే మామూలు తిన్నటి కుట్టు మిషన్ ఇంకొకటి కొనకండి. జిగ్‌జాగ్ ఉన్నది కొనండి. అప్పుడు ఒకే మిషన్ పీకోకూ కాజాకూ పనికొస్తుంది.

మిషన్ వచ్చిందని చేతి కాజాను మరిచిపొమ్మని నేను అనను. మంచి కోటుకు, షేర్వానీకి చేత్తో వేసిన కాజా అందం వేరు, దానికి గిరాకీ కూడా వేరే ఉంది. చేతి పని తెలిసినవాళ్ళకే మిషన్ కాజాలో తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా అది వస్తే, వాళ్ళు ఉండగానే కూర్చుని నేర్చుకోండి.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ రాత్రి వంట అయ్యాక ఒక పాత చొక్కా తునక తీసుకోండి. రెండు పొరలుగా మడిచి, మధ్యలో బక్రం ముక్క పెట్టి, పది గీతలు గీయండి. పది కాజాలు కుట్టండి. బాగా రాకపోతే రేపు ఇంకో పది కుట్టండి. కుట్టిన తునకలు పారేయకండి, తేదీ వేసి దాచుకోండి. నెల తర్వాత మొదటి తునక, చివరి తునక పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ పైన మీరు కుట్టిన చొక్కా కాజాల కోసం మీ గడప దాటదు.